బార్బరెస్కో వైనును దాని రైతుల సంఘమును

ఇటలీ దేశపు వాయవ్యభాగమున, పీడ్‌మాంట్ రాష్ట్రమున, ఆల్బా యను పట్టణము కలదు. దానికి సమీపమున తానరో నది యొడ్డున గుట్టమీద బార్బరెస్కో యను చిన్న గ్రామ మున్నది. ఆ గ్రామము పేరుతో అమ్ముడగు ఎఱ్ఱ వైను, అనగా పులియబెట్టిన ద్రాక్షరసము, మంచి యేటి పంటయైనచో ఇరువది యేండ్లు నిలువ యుంచినను చెడదు సరికదా ఇంకను బాగుపడును. మద్యపానమును పొగడుట నా యుద్దేశము కాదు. ఆ సరకునకు పేరు తెచ్చిన రైతుల సంగతియే చెప్పదలచినాను.

అచ్చటి ద్రాక్షరకమునకు నెబ్బియోలో యని పేరు. ఇది ముందుగా చిగిర్చి, తక్కిన రకములకంటె ఆలస్యముగా, అక్టోబరు మాసమున, లోయలను పొగమంచు కప్పుకాలమునకు పండును. కావున దక్షిణపు టెండ బాగుగా తగులు వాలులే దీనికి కావలయును. నేల సున్నము కలిసిన బంకమన్ను. మన హైదరాబాదు ప్రాంతమున పేరుగన్న అనాబెషాహి తినుటకు పెంచు పెద్దపండు. దీని కాయ చిన్నది. తొక్కలోను విత్తులోను వగరు మెండు, రసములో పులుపును మెండు. కరక్కాయ నమిలినపుడు నోరు ఎట్లు బిగియునో, క్రొత్త నెబ్బియోలో వైను త్రాగినను అట్లే బిగియునట. ఆ వగరును పులుపునే దానిని చెడనీయక కాపాడునవి. యేండ్లు గడచినకొలది వగరు మెత్తబడును, కొంత మడ్డియై అడుగునకు దిగును, రంగు ఇటుకరంగునకు తిరుగును. శాసనము ప్రకారము కోతయైన పిమ్మట 26 మాసములు, అందు 9 మాసములు కొయ్యపీపాయిలో, నిలువయుంచినగాని బార్బరెస్కో యని అమ్మరాదు. రిజర్వా యను తరగతికి 50 మాసములు.

ఇచ్చటనే చిన్న రైతునకు చిక్కు. కోసిననాడే సొమ్ము కావలయును. సరకు అమ్ముడగుటకు రెండు మూడేండ్లు పట్టును. అంతవఱకు పీపాయిలెక్కడివి, నేలమాళిగ యెక్కడిది, ఇల్లు గడచు టెట్లు? అందుచేత 1894కు పూర్వము ఆ యూరి పండ్లు వర్తకులపాలై, పొరుగుననున్న బారోలో ప్రాంతపు వైనులో కలిసిపోవుటయో, ఉత్త నెబ్బియోలో యను పేరున పోవుటయో జరుగుచుండెను. పండించినది బార్బరెస్కో, పేరు మఱియొకరిది.

ఆ యేట ఆల్బా పట్టణపు వైను పాఠశాలాధికారి దొమీజియో కవాత్సాగారు తొమ్మండుగురు తోటల యజమానులను కూర్చి, గ్రామమున తాను కొనియున్న కోటలోనే సహకార సంఘమును నెలకొల్పిరి. ఊరి పేర వైను అప్పుడు వెలువడెను. ఆయన 1913లో గతించిరి. ఫాసిస్టుల యేలుబడిలో వారి యార్థిక నిబంధనలచే సంఘము మూతపడెను. మరల 1958లో గ్రామపు కతోలిక గురువు ఫియొరీనో మారెంగోగారు పందొమ్మిదిమంది చిన్న రైతులను చేర్చి దానిని లేపిరి. మొదటి మూడు పంటలకును చర్చి క్రింది నేలమాళిగయే కార్ఖానా! పిమ్మట చర్చి యెదుటనే సొంత కట్టడము కట్టుకొనిరి. నేడు ఏబదికి పైబడిన కుటుంబములు, సుమారు 250 యెకరముల తోటలు ఆ సంఘమున కున్నవి.

వారి నిబంధనలలో నాకు మిక్కిలి నచ్చినది యొకటి కలదు. సభ్యుడు తన నెబ్బియోలో పండ్లన్నియు సంఘమునకే తేవలయును. మంచివి వర్తకునికి, మిగిలినవి సంఘమునకు అను బేరము చెల్లదు. (ఈ బేరమెట్టిదో మన సంఘముల కార్యదర్శులకు చెప్పనక్కఱలేదు.) తెచ్చిన పండ్లలోని తీపిని కొలిచి, గుణమునుబట్టి వెల కట్టుదురు, తూకమొక్కటియే లెక్కకాదు. మంచి యేట ఆసీలి, రబాయా, మొంతెస్తేఫనో మొదలగు తొమ్మిది వాలుల పండ్లను వేర్వేరుగా పులియబెట్టి, ఆయా వాలుల పేర్లతోనే సీసాల కెత్తుదురు. పంట అంతంతమాత్రమైన యేట ఆ పేర్లు కట్టిపెట్టి, ఆసీలి పండ్లను సైతము సామాన్యపు పీపాయిలోనికే పోయుదురు. ఊరి పేరుగల సీసా చవి అట్టి యేటను తగ్గకుండుటకే యిది. మేటి వాలున తోటగల సభ్యుడు ఆ యేడు కొంత గొణుగుకొనకపోడు.