పాత వాచీ: మెరుపు చూడాలా, మెషిన్ చూడాలా?

తాత పెట్టెలో హెచ్‌ఎంటీ దొరికినా, ఎర్రగడ్డ ఆదివారం అంగట్లో స్విస్ వాచీ కనిపించినా మొదట అడగాల్సింది ధర కాదు. డయల్, ముళ్లు, మెషిన్, వెనక మూత అన్నీ ఒకే వాచీవేనా అన్నది ముందు తేలాలి.

నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఊరి నడిబొడ్డుకు గుర్తు క్లాక్ టవరే. ధర్నా అయినా ఊరేగింపు అయినా అక్కడికి చేరాల్సిందే. చేతి గడియారం మాత్రం ఈ ఊళ్లలోని చాలా ఇళ్లకు పెళ్లితో వచ్చింది. సైకిలు, రేడియోతో పాటు అల్లుడికి వాచీ పెట్టడం ఒక తరం ఆనవాయితీ. టీచరు రిటైరైతే తోటివాళ్లు చందాలేసి చేతికి పెట్టిందీ వాచీయే. బీరువాల్లో ఆగిపోయి పడున్న ఆ వాచీలకు ఇప్పుడు మళ్లీ గిరాకీ వచ్చింది. దాంతో పాటే మోసమూ వచ్చింది.

మన చేతికి వచ్చినవి ఇవీ

జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో హెచ్‌ఎంటీ 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. జనతా, పైలట్, కోహినూర్, కాంచన్ పేర్లు పల్లెపల్లెకూ పాకాయి. 1942లో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ ఆర్టీసీ బస్సులకు బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు చేసింది. 1980ల్లో జపాన్‌కే చెందిన సీకో తోడుతో వాచీలూ చేసింది. వీటికన్నా ముందుతరం ఇళ్లలో వెస్ట్ ఎండ్, ఫేవర్ లూబా లాంటి స్విస్ వాచీలుండేవి.

2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు ఆమోదం తెలిపింది. ఆ తర్వాత పాతవాటి కోసం వెతుకులాట పెరిగింది. దొరికిన డొక్కు వాచీలకు కొత్త రంగులు పూసి అమ్మేవాళ్లూ పెరిగారు.

తళతళలాడితే ఆగి చూడాలి

పైలట్ అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది నల్ల డయల్. అదే పేరుతో నారింజ, ఆకుపచ్చ, గులాబి రంగు డయళ్లు వరసగా పేర్చి అమ్ముతుంటే అవి ఈమధ్య అచ్చువేసినవని అనుమానించాలి. భూతద్దం పెట్టి చూస్తే సంగతి తెలిసిపోతుంది. కంపెనీ అచ్చులో అక్షరాలు సన్నగా, అంచులు తేటగా ఉంటాయి. మళ్లీ అచ్చువేసినదానిలో అక్షరం లావెక్కుతుంది, నిమిషాల గీతలు అంకెలకు ఎదురుగా కూర్చోవు. స్విస్ వాచీలో ఆరు అంకె కింద ఉండాల్సిన చిన్న అక్షరాలు వంకరపోతాయి, కొన్నిసార్లు అసలుండవు.

నలభై ఏళ్లు చెమట, దుమ్ము తిన్న వాచీ డయల్ కాస్త పసుపెక్కడం సహజం. ఆ పసుపు దాని వయసుకు సాక్ష్యం, దాన్ని చెరిపేయించకూడదు. తుప్పు సంగతి వేరు. చావి తిప్పే పుల్ల చుట్టూ ఎర్రటి మరక కనిపిస్తే లోపలికి నీళ్లు చేరినట్టే. బెల్టు తగిలించే కొమ్ముల దగ్గర పూత లేచి ఇత్తడి కనబడుతుంటే అది అరుగుదల. దానివల్ల టైము చెడదు గానీ, ధర తగ్గాలి.

చెవికీ చేతికీ పరీక్ష

చావి నెమ్మదిగా తిప్పితే పళ్లు పడుతున్నట్టు సమంగా తెలియాలి. జారినా, గరగరమన్నా లోపల పనుంది. జనతా లాంటి వాచీ గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటుంది. చెవి దగ్గర పెట్టుకుంటే ఆ చప్పుడు కుంటకుండా వినిపించాలి. డయల్ పైకి, కిందికి, ఆపై నిలువుగా పట్టుకుని మూడు తీర్లా వినాలి. ఒక తీరులో ఆడి మరో తీరులో ఆగిపోతే బ్యాలెన్స్ చక్రం ఇరుసు దెబ్బతిని ఉండొచ్చు.

వీలైతే రాత్రి తొమ్మిదికి టైము కలిపి, మర్నాడు రాత్రి తొమ్మిదికి చూడాలి. రోజుకు ఒకటి రెండు నిమిషాల తేడాను మెకానిక్ సరిచేయగలడు. గంటగంటకూ ముందుకు పరుగెడుతుంటే హెయిర్‌స్ప్రింగ్‌కు అయస్కాంతం అంటి ఉండొచ్చు. వెనకబడి ఆగిపోతుంటే నూనె ఎండి ఉండొచ్చు. ఈ రెండూ బాగయ్యేవే.

వెనక మూత తెరిపించకుండా డబ్బులివ్వకూడదు. డయల్ మీద ఒక పేరు, మెషిన్ మీద మరో పేరు ఉంటే అది అతుకుల వాచీ కావచ్చు. 1960లకు ముందు చీకట్లో వెలిగిన వాచీలతో మాత్రం జాగ్రత్త. వాటి ముళ్ల మీద రేడియం పూత ఉండొచ్చు. వెలుగు ఆరిపోయినా రేడియోధార్మికత పోదు, అది సగానికి తగ్గడానికే దాదాపు 1,600 ఏళ్లు పడుతుంది. వాటి అద్దం ఇంట్లో విప్పకూడదు, ఆ పొడి గోకకూడదు.

కొనాలా, వదలాలా?

అడిగిన ధరకు సర్వీసింగ్ ఖర్చు కలిపాకే బేరం మొదలుపెట్టాలి. హెచ్‌ఎంటీ వాచీలు విరివిగా తయారయ్యాయి కాబట్టి పాడైన మరో వాచీలోంచి భాగం తీసి వేయొచ్చు. అరుదైన స్విస్ మెషిన్‌కు చిన్న చక్రం దొరక్క ఏళ్లు గడిచిపోవచ్చు. మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో ఉన్న పాత మెకానిక్ బాగుచేయగలనంటేనే అది చేతికి పెట్టుకునే వాచీ.

వాచీ వెనకున్న కథకూ విలువుంటుంది, దానికి రుజువుండాలి. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్‌కు భార్య కొనిచ్చిన రోలెక్స్ డేటోనా 2017 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో కోటీ 77 లక్షల డాలర్లు దాటింది. ఆమె వెనక మూత మీద చెక్కించిన మాటలు ఆ వాచీ ఎవరిదో చెప్పాయి. మన పెళ్లి వాచీలకు ఆ ధర రాదు. అయినా ఎవరి పెళ్లికి, ఏ ఏడాది, ఎవరు పెట్టారో రాసి ఉన్న జనతా ఆ ఇంటికి అంగట్లోని ఏ రంగుల పైలట్ కన్నా ఎక్కువ. బయట కొనేముందు ఇంట్లోని బీరువా వెతకాలి. దొరికినదాన్ని మెకానిక్‌కు చూపించాలి. దాని సంగతులు తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసిపెట్టుకోవాలి.