పాడి రైతు - ఆదాయపు పన్ను లెక్కలు

మెదక్ ప్రాంతపు సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు సభ్యులు మమ్ములను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "వడ్ల మీద పన్ను లేదు గదా, పాల మీద ఎందుకుంటది సారూ?"

భూమిని దున్ని, విత్తి, పండించిన పంటపై వచ్చేది వ్యవసాయ ఆదాయం. దానికి పన్ను మినహాయింపు ఉన్నది. భూమితో సంబంధం ఉన్నంత మాత్రాన పాడి, కోళ్ళ పెంపకం వంటివి వ్యవసాయం కావని 1957లోనే సుప్రీంకోర్టు వివరించింది. కనుక పాల సొమ్మును పంట సొమ్ములో కలిపి చూపరాదు. మొత్తం ఆదాయం పరిమితి దాటని వారికి పన్ను పడదు; అయినా లెక్క ఉండడం మంచిది.

పంటకొకటి, పాడికొకటి చొప్పున రెండు పుస్తకాలు పెట్టండి. ఏప్రిల్ 1 నుండి మార్చి 31 వరకు ఒక సంవత్సరం. సొంత పొలంలోని గడ్డి బర్రెలకు వేస్తే, దాని విలువను పంట పుస్తకంలో జమగాను, పాడి పుస్తకంలో ఖర్చుగాను వ్రాయాలి.

చాలామంది చేతికి వచ్చిన సొమ్మునే ఆదాయంగా వ్రాస్తున్నారు. అది సరికాదు. ఉదాహరణకు పాల బిల్లు 9,000 రూపాయలు అనుకుందాం. అందులో దాణాకు 2,000, అప్పు వాయిదాకు 1,500 పట్టుకొని, 5,500 ఇచ్చారు. ఆదాయం 9,000. దాణా ఖర్చే. వాయిదాలో వడ్డీ 300 ఉంటే అది మాత్రమే ఖర్చు. మిగతా 1,200 అసలు తీర్చడమే గాని ఖర్చు కాదు.

బర్రెను కొన్న ధర ఆ ఏటి ఖర్చు కాదు, అది పెట్టుబడి. కాని పాడి పశువు చనిపోయినా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా, కొన్న ధరలో నుండి దానిపై వచ్చిన సొమ్ము తీసివేయగా మిగిలిన నష్టాన్ని చట్టం ఖర్చుగా ఒప్పుకుంటుంది. కొన్న రసీదు, పశువైద్యుని ధ్రువపత్రం లేనివారు ఆ నష్టాన్ని రుజువు చేయలేరు. రసీదులు భద్రపరచండి.

వ్యవసాయ ఆదాయం 5,000 రూపాయలు దాటి, ఇతర ఆదాయం పన్ను పరిమితిని కూడా దాటితే, రేటు నిర్ణయానికి రెంటినీ కలిపి చూస్తారు. ఈ పద్ధతి 1973లో వచ్చింది.

ఇక సంఘ కార్యదర్శులకు ఒక మాట. సభ్యుల పాలను సమాఖ్యకు సరఫరా చేసే ప్రాథమిక సంఘానికి ఆ లాభంపై పూర్తి తగ్గింపు లభిస్తుంది. సభ్యులు కానివారి పాలకు ఇది వర్తించదు కనుక వాటి లెక్క వేరుగా ఉంచాలి. గడువులోగా రిటర్ను దాఖలు చేయకుంటే తగ్గింపు పోతుంది. ఆ నష్టం చివరకు సభ్యుల బోనస్ మీదనే పడుతుంది. కార్యదర్శులు, పాలకవర్గాలు ఈ విషయం గమనించగలరు.