రాక్షసి బొగ్గు ఊళ్లో చెప్పు పువ్వు

బొగ్గు గనుల ఊరు మా రామకృష్ణాపూర్‌లో ఎవరినైనా బొగ్గు తెమ్మంటే రాక్షసి బొగ్గే తెస్తారు. ఇంట్లో ఆర్కిడ్ పెంచాలనుకునేవాళ్లకు అందుకే ముందుగా ఈ మాట చెప్పాలి: కుండీలో వేసే బొగ్గు అది కాదు. ఇస్త్రీ పెట్టెలో వేసే కట్టెబొగ్గు కావాలి. కట్టెబొగ్గు నిండా సన్నని రంధ్రాలుంటాయి; కాస్త తడినీ గాలినీ పట్టి ఉంచుతాయి. రాక్షసి బొగ్గు బిర్రుగా ఉంటుంది. అందులో ఎంతో కొంత గంధకమూ ఉంటుంది, తడీ గాలీ తగిలితే అది ఆమ్లంగా మారుతుంది. కుప్పపోసిన బొగ్గు తనంతట తనే వేడెక్కి పొగలు కక్కడం మనకు తెలిసిందే. అలాంటిదాన్ని లేత వేళ్ల పక్కన పెట్టకూడదు.

ఇక మొక్క సంగతి. చెప్పు ఆర్కిడ్ శాస్త్రీయ నామం పాఫియోపెడిలమ్, ఆ పేరులోనే గ్రీకు భాషలో చెప్పు ఉంది. పువ్వు ముందు రేక చెప్పు ముందుభాగంలా, చిన్న సంచిలా ఉంటుంది. తేనె ఉందనుకుని వాలిన పురుగు జారి అందులో పడుతుంది. తేనె ఉండదు. గోడలు నున్నగా ఉంటాయి కాబట్టి వచ్చిన దారిన ఎక్కలేదు. వెనకవైపు నూగు పట్టుకుని ఇరుకు సందులోంచి బయటపడాలి. ఆ సందులోనే పుప్పొడి దాని వీపుకు అంటుకుంటుంది. అదే పురుగు ఇంకో పువ్వులోనూ అలాగే పడితే గింజ కడుతుంది.

ఆర్కిడ్ అనగానే మనవాళ్లు బదనిక అంటారు. కవ్వాల అడవిలో చెట్టుకొమ్మలను పట్టుకుని పెరిగే వాండా ఆర్కిడ్ కూడా నిజానికి బదనిక కాదు, చెట్టు రసం తాగదు. చెప్పు ఆర్కిడ్ అయితే ఎక్కువగా నేలమీదే, ఆకు చెత్తలోనో రాతి పగుళ్లలోనో పెరుగుతుంది. చాలా ఆర్కిడ్లకు నీరు దాచుకునే లావుపాటి కాడలుంటాయి, దీనికి అవి లేవు. ఉన్నదల్లా వేళ్లూ ఆకులే. వేళ్లు పూర్తిగా ఎండితే వాడిపోతుంది, నీళ్లలో నానితే కుళ్లిపోతుంది. దీన్ని పెంచడంలో కష్టమంతా ఈ రెంటి మధ్యనే ఉంది.

షిల్లాంగ్, డార్జిలింగ్ వైపు వెళ్లినవాళ్లు ముచ్చటపడి ఇన్‌సిగ్నే రకం తెస్తుంటారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. అది చలికొండల మొక్క, మొగ్గ తొడగడానికి చల్లని రాత్రులు కావాలి. మా ఇంట్లో రోహిణి కార్తె దాటలేదు. నా పెంపకంలో లోపమనుకుని చాలాకాలం బాధపడ్డాను. అసలు తప్పు రకం ఎంచుకోవడంలో జరిగింది.

మన వేడిని కాస్త తట్టుకునేవి మచ్చల ఆకుల చిన్న రకాలు. తెల్లటి నివియం థాయ్‌లాండ్, మలేసియా తీరాల్లో, సముద్రమట్టానికి దగ్గరలోని సున్నపురాళ్ల మీద పుట్టింది. లేతపసుపు మీద సన్నని చుక్కలుండే కాంకలర్‌దీ బర్మా వైపు సున్నపురాతి గుట్టల పుట్టుకే. రెండూ జానెడు వెడల్పులోనే ఉంటాయి, కిటికీ గట్టు చాలు. వీటి అన్నదమ్ముల్లాంటి బెల్లాటులం మహా అందంగా ఉంటుంది కానీ ఎత్తుకొండల్లోది, మొదటి మొక్కగా వద్దు.

కొనేటప్పుడు నర్సరీలో పెంచిన మొక్కే అడగండి, బిల్లు తీసుకోండి. అడవి నుంచి పీకిన చెప్పు ఆర్కిడ్ల వ్యాపారం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వీటికి రక్షణ ఇస్తోంది. దక్షిణ భారతంలో సహజంగా పెరిగే ఒకే ఒక్క రకం డ్రూరీ. పశ్చిమ కనుమల్లో అగస్త్యమల గుట్టల మీద తప్ప మరెక్కడా లేదు, పీక్కుపోయేవాళ్ల చేతుల్లో దాదాపు అంతరించింది. ధర ఎక్కువని నర్సరీవాళ్లతో గొడవపడొద్దు. ఫెలనాప్సిస్ ఆర్కిడ్లను కణజాల వర్ధనంతో వేలకువేలు తయారుచేస్తారు. చెప్పు ఆర్కిడ్లు ఆ పద్ధతికి సరిగా లొంగవు. గింజ నుంచి పెంచాలి, లేదా పిలకలు విడదీయాలి. గింజ మొక్క పూతకొచ్చేసరికి ఏళ్లు పడుతుంది.

సున్నపురాయి అన్నాం కదా, ఆ విషయంలో మనం అదృష్టవంతులం. మంచిర్యాలలో, బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఈ రాయి దొరకబట్టే. రాయి మీద నిమ్మరసం చుక్క వేస్తే సన్నని బుడగలు వస్తాయి, అదే గుర్తు. శనగగింజంత ముక్కలు కొట్టి, కడిగి, మిశ్రమంలో ఒక గుప్పెడు కలపండి. రాయి దొరక్కపోతే దంచిన గుడ్డుపెంకులు వేయొచ్చు. తాంబూలంలోకి వాడే తడిసున్నం మాత్రం వద్దు, వేళ్లను కాల్చేస్తుంది. మిగతా మిశ్రమం కొబ్బరి డొక్క ముక్కలు, కట్టెబొగ్గు, కొంచెం పెంకుముక్కలు. డొక్కలో ఉప్పు ఉంటుంది. రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టాలి. మూడంగుళాల కుండీ చాలు, పెద్దదైతే మధ్యలో తడి ఆరదు. ఏడాదికోసారి, డొక్క మెత్తబడకముందే మిశ్రమం మార్చాలి. అప్పుడు వేళ్లు గోధుమరంగులో నూగుతో కనిపిస్తే చచ్చాయని కత్తిరించొద్దు. ఈ జాతి వేరు రంగే అది. నొక్కితే గట్టిగా ఉంటే బతికున్నట్టే.

తూర్పు కిటికీ, పలుచటి తెర. ఆకు మీద మీ చేతి నీడ మసకగా పడితే వెలుగు సరిపోయినట్టు. మే నెలలో బయట 45 డిగ్రీలున్నప్పుడు కూలర్ నడిచే గదిలోకి మార్చండి. కూలర్ గాలిలో తేమ ఉంటుంది, ఏసీ గాలి పొడిగా ఉంటుంది. అయితే గాలి నేరుగా మొక్క మీద కొట్టకూడదు.

నీళ్లు పొద్దున్నే పోయాలి, మొవ్వులో నిలవకూడదు. నిలిస్తే దూదితో అద్దేయండి, మొవ్వు కుళ్లితే ఆ కుదురు పోయినట్టే. బోరునీళ్లలో ఉప్పు ఎక్కువైతే ఆకు కొసలు మాడతాయి. వాననీళ్లు శ్రేష్ఠం. కానీ ఓసీ (ఓపెన్‌కాస్ట్ గని) దుమ్ము మన డాబాల మీద ఎంత పేరుకుంటుందో తెలుసు కాబట్టి తొలకరి నీళ్లు వదిలేసి, డాబా కడుక్కుపోయాక పట్టుకోండి. అదే దుమ్ము ఆకుల మీదా పడుతుంది. వెలుగు అందదు. వారానికోసారి తడి నూలుగుడ్డతో తుడవడం ఇక్కడ ఎరువు కంటే ముఖ్యం. ఎరువు డబ్బామీద రాసిన మోతాదులో నాలుగో వంతు, నెలకు రెండుసార్లు చాలు.

పూసిన పువ్వు వారాల తరబడి నిలుస్తుంది. అది రాలాక ఆ కుదురు మళ్లీ పూయదు, ఎన్నాళ్లు చూసినా పూయదు. వట్టిదనుకుని కోసేయకండి. మొదలు దగ్గర ఆకు చాటున కందిగింజంత పిలక మొలుస్తుంది, దానికి తిండి పెడుతున్నది ఆ ముసలి ఆకులే.