ఉప్పల్ వదులుకున్న గూగ్లీ

2017 ఏప్రిల్ 5. ఉప్పల్ స్టేడియంలో పద్దెనిమిదేళ్ల కుర్రాడు వేసిన బంతి గిర్రున లోపలికి తిరిగి మన్‌దీప్ సింగ్ వికెట్లు పడగొట్టింది. ఐపీఎల్‌లో అఫ్ఘాన్ ఆటగాడికి అదే తొలి వికెట్.

50 లక్షల కనీస ధర ఉన్న రషీద్ ఖాన్‌ను సన్‌రైజర్స్ హైదరాబాద్ 4 కోట్లకు కొన్నప్పుడు ముక్కున వేలేసుకున్నవారున్నారు. నంగర్‌హార్‌లో పుట్టి, యుద్ధం తరిమితే కొన్నేళ్లు పాకిస్తాన్‌లో తలదాచుకున్న కుటుంబం అతనిది. అప్పట్లో అతని దేశపు జట్టుకు సొంత మైదానమంటే భారత్‌లో అరువు తెచ్చుకున్నదే. ఉప్పల్ మాత్రం అతన్ని తనవాడిని చేసుకుంది. ఐదు సీజన్లు, 76 మ్యాచ్‌లు, 93 వికెట్లు. 2018 క్వాలిఫయర్‌లో, ఈడెన్ గార్డెన్స్‌లో 10 బంతుల్లో 34 పరుగులు చేసి, ఆపై 3 వికెట్లు తీసి జట్టును ఫైనల్‌కు చేర్చింది అతనే. ఆ ఏడాది చివర తండ్రి పోయిన కబురు అందినా, ఆస్ట్రేలియాలో అడిలైడ్ జట్టుకు మ్యాచ్ ఆడాడు.

2021 నవంబర్‌లో హైదరాబాద్ అతన్ని వదిలేసింది. విలియమ్సన్‌కు 14 కోట్లు, ఉమ్రాన్ మాలిక్, అబ్దుల్ సమద్‌లకు తలా 4 కోట్లు ఇచ్చి అట్టిపెట్టుకుంది. యాజమాన్యం లెక్కలు ఏవైనా, తెలివైన బేరం కాదది. గుజరాత్ 15 కోట్లిచ్చి ఎగరేసుకుపోయింది.

2022 ఏప్రిల్ 27న వాంఖడేలో పాత జట్టే ఎదురైంది. ఉమ్రాన్ 5 వికెట్లు తీశాడు. అయినా చివరి ఓవర్లో గుజరాత్‌కు 22 పరుగులు కావాలి. ఆఖరి బంతికి 3. రషీద్ సిక్సర్ కొట్టాడు.