కథల దారి వెతికిన పండితుడు: థియోడర్ బెన్‌ఫై

చిన్నయసూరి నీతిచంద్రికలోని కరటకుడు, దమనకుడు అనే నక్కలు మీకు గుర్తున్నాయా? సింహానికీ ఎద్దుకూ కుదిరిన స్నేహాన్ని దమనకుడు చెడగొడతాడు. ఈ కథ సంస్కృత పంచతంత్రంలోనిది. అరబ్బీలో ‘కలీలా వ దిమ్నా’ అనే ప్రసిద్ధ గ్రంథం ఉంది. ఆ పేరును ఒకసారి పైకి చదవండి. కలీలా మన కరటకుడే, దిమ్నా దమనకుడే!

మన నక్కలు అంత దూరం ఎలా వెళ్లాయి? ఆ దారిని వెతికినవాడు జర్మన్ పండితుడు థియోడర్ బెన్‌ఫై. ఆయన 1809లో గొట్టింగెన్ దగ్గర నోర్టెన్ అనే ఊరిలో, యూదు కుటుంబంలో జన్మించాడు. 1828లో, పందొమ్మిదో ఏట డాక్టరేటు పొందాడు. 1834 నుంచి గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో బోధించినా స్థిరమైన పదవి దక్కలేదు. యూదులకు ఆ రోజుల్లో ఆచార్య పదవి దాదాపు అందని పండు. 1848లో ఆయన కుటుంబంతో సహా ప్రొటెస్టెంటు మతంలో చేరాడు. ఆ ఏడే కొద్దిపాటి జీతంతో కింది స్థాయి ఆచార్యుడయ్యాడు. పూర్తి ఆచార్య పదవి 1862లో గానీ రాలేదు. సామవేద ముద్రణ, సంస్కృత వ్యాకరణం, పంచతంత్ర అనువాదం అన్నీ ఈలోగా, పేదరికంలోనే వెలువడ్డాయి.

1859 నాటి ఆ అనువాదం రెండు సంపుటాలు. మొదటి సంపుటమంతా పీఠికే! కథలు నడిచిన దారి అందులో ఉంది. ఆరో శతాబ్దంలో ఇరాన్ రాజు ఖుస్రో ఆస్థాన వైద్యుడు బుర్జోయ్ ఈ కథలను పహ్లవీ భాషలోకి మార్చాడు. ఎనిమిదో శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా దాన్ని అరబ్బీలో రాశాడు. అక్కడినుంచి హీబ్రూ, లాటిన్, జర్మన్ భాషలకు చేరింది.

ప్రపంచంలోని వింతకథలు చాలావరకు భారతదేశంలోనే పుట్టాయని బెన్‌ఫై వాదించాడు. మనం వెంటనే పొంగిపోనక్కర లేదు. జంతువుల నీతికథలు మాత్రం ఎక్కువగా గ్రీకుల నుంచే ఇక్కడికి వచ్చాయని కూడా ఆయనే అన్నాడు. ఫ్రెంచి పండితుడు జోసెఫ్ బెదియే 1893లో, ఒకే రకం కథలు వేర్వేరు చోట్ల వాటంతటవే పుట్టవచ్చునని ఆ వాదాన్ని ఎదిరించాడు.

బుర్జోయ్ పహ్లవీ ప్రతి నేటికీ దొరకలేదు. అయితే దాని నుంచి నేరుగా చేసిన పాత సిరియాక్ అనువాదం 1870లో, ఇప్పటి టర్కీలోని మార్దిన్ పట్టణంలో బయటపడింది. 1876లో అది బెన్‌ఫై పీఠికతోనే అచ్చయింది. అందులో నక్కల పేర్లు ‘కలీలగ్, దమ్నగ్’. అరబ్బీలో జారిపోయిన చివరి హల్లు ఇక్కడ మిగిలే ఉంది. ‘కరటక, దమనక’ అన్నప్పుడు మనం చివర పలికే ‘క’కారమే అది.