ఆయ్, మింగేశామండి!

బోదకాలు గురించి గోదావరి జిల్లాల వాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. మురుగునీట్లో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఈ జబ్బుకు దశాబ్దాలుగా వాడుతున్న మందు డీఈసీ. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని వెలికితీసిన బృందానికి పెద్ద, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందు రోగుల మీద ఎలా పనిచేసిందో 1947లో ప్రకటించిన అధ్యయనం జరిగింది మాత్రం ప్యూర్టోరికోలో. జబ్బు మన వాకిట్లో, బుర్ర మనవాడిది, పరిశోధన సముద్రాల అవతల!

ఇప్పుడు కోనసీమలోని అమలాపురంలోనే వైద్య కళాశాల ఉంది. అందరూ కిమ్స్ అని పిలిచే ఆ సంస్థ పూర్తి పేరులో రీసెర్చ్ ఫౌండేషన్ కూడా ఉంది. మరి పరిశోధన అంటే మన వైద్య విద్యార్థికి ఏమనిపిస్తుంది? రాష్ట్రంలో ఏ కళాశాల హాస్టల్లో అడిగినా మాట నీట్ పీజీ ప్రవేశపరీక్ష దగ్గరికే వస్తుంది. 200 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, వాటిలో సరైనది ఎప్పుడూ ఒకటే. ర్యాంకును బట్టి బ్రాంచి. చదువుకునే రోజుల్లో రాసిన పరిశోధన పత్రానికి అందులో ఒక్క మార్కూ రాదు. దీన్ని బద్ధకం అనడం అన్యాయం. పిల్లలు లెక్క సరిగ్గానే వేసుకుంటున్నారు. పీజీలో చేరాక థీసిస్ తప్పదు. టాపిక్ సార్ ఇస్తారు, మాస్టర్ చార్ట్ నింపాలి, గడువులోగా బైండింగ్‌కి ఇవ్వాలి. పరిశోధనతో తొలి పరిచయమే ఇలా జరిగితే ఇష్టం ఎక్కడ పుడుతుంది?

దీని ఫలితం అంకెల్లో కనిపించింది. 2005 నుంచి 2014 వరకు దేశంలోని 579 వైద్య సంస్థల నుంచి వచ్చిన పత్రాలను సమీరన్ నంది, ఆయన సహచరులు లెక్కగట్టి 2016లో ప్రచురించారు. 332 సంస్థల నుంచి పదేళ్లలో ఒక్కటీ రాలేదు. ఏటా వందకు పైగా తెచ్చినవి 25 మాత్రమే.

దారులు లేవని కాదు. ఎంబీబీఎస్ విద్యార్థుల కోసం భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1979లోనే స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ మొదలుపెట్టింది. గైడును వెతుక్కుని, ప్రతిపాదన రాసి, రెండు నెలలు పనిచేసి నివేదిక పంపాలి. అది ఆమోదం పొందాకే డబ్బు చేతికొస్తుంది. ఇటీవలి విడతల్లో రూ.50 వేలు. ఇంతకన్నా దగ్గరి దారి మరొకటుంది. కొత్త పాఠ్యప్రణాళికలో ప్రతి విద్యార్థీ పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, కొన్నేళ్ల పాటు వాళ్ల ఆరోగ్యం కనిపెట్టుకుని ఉండాలి. లాగ్‌బుక్ సంతకాల తంతుగా మార్చకపోతే, ఏళ్ల తరబడి సాగే అధ్యయనానికి ఇదే పునాది.

ఉదాహరణకు బోదకాలు మాత్రలే తీసుకోండి. జబ్బున్న జిల్లాల్లో ఏడాదికోసారి ఊరందరికీ మాత్రలు పంచే కార్యక్రమం 2004లో మొదలైంది. పంచడం వేరు, మింగడం వేరు. రాజోలు పక్కనో కొత్తపేట పక్కనో ఓ ఇంటికి తెల్లకోటు వేసుకుని వెళ్లి “మాత్రలు వేసుకున్నారా” అని అడిగి చూడండి. “ఆయ్, మింగేశామండి” అంటారు. కోనసీమ మర్యాద మరి, డాక్టరుబాబు మొహం మీద లేదని ఎవరంటారు? ఆ జవాబు రాసుకుని వస్తే కాగితం మీద ఊరంతా మింగినట్టే. “మిగిలిన మాత్రలుంటే ఓసారి చూపిస్తారా అమ్మా” అని కోటు లేకుండా వెళ్లి అడిగితే, గూట్లోంచి పొట్లం బయటికి రావచ్చు. ఎందుకు మింగలేదో, ఎవరు భయపెట్టారో అప్పుడు చెబుతారు. ఏ యాసలో ఎలా అడగాలో తెలిసిన కోనసీమ పిల్లవాడు ఢిల్లీ నుంచి వచ్చే నిపుణుడి కన్నా ఇక్కడ నాలుగాకులు ఎక్కువే చదివాడు.

అయితే ఇది వాడొక్కడి వల్లే అయ్యే పని కాదు. ప్రశ్నను పదును పెట్టే గైడు కావాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి త్వరగా రావాలి. బోదకాలు క్రిములు నెత్తుట్లో తిరిగేది ఎక్కువగా రాత్రిపూటే కనుక, రక్తపరీక్ష దాకా వెళ్తే రాత్రి పది దాటాక పల్లెకు చేర్చడానికి జీపు కావాలి. మర్నాడు ఉదయం క్లాసులో అటెండెన్స్ కూడా వేయాలి.