మాట కలవాలి, అర్థమూ కలవాలి

దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి.కి సమీపాన కటవారియా సరాయ్ అనే పల్లె ఉంది. మహానగరం దానిని తనలో కలుపుకున్నా, పోటీ పరీక్షలకు చదివే పలు రాష్ట్రాల యువతీయువకులకు అది నేటికీ మజిలీయే. అక్కడికి చేరిన తెలుగు విద్యార్థికి హిందీలోని కొన్ని పదాలు పరిచితంగానే వినిపిస్తాయి. కాని హిందీలో 'శిక్షా' అంటే చదువు. తెలుగులో శిక్ష అంటే దండన. హిందీ 'ఉపన్యాస్' నవల. తెలుగు ఉపన్యాసం ప్రసంగం. మాట చెవికి చేరినంత మాత్రాన భావం చేరినట్లు కాదు.

సంభాషణలో ఇటువంటి పొరపాటు నవ్వుతో ముగుస్తుంది. సైన్యాల మధ్య జరిగితే ప్రాణాలు పోతాయి. 1994 ఏప్రిల్ 14న ఉత్తర ఇరాక్ గగనతలంలో రెండు అమెరికన్ యుద్ధ విమానాలు తమ దేశపు హెలికాప్టర్లనే రెండింటిని శత్రువులవిగా భ్రమించి కూల్చివేశాయి. అమెరికన్లతోపాటు బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీ అధికారులు, కుర్దులు కలిసి 26 మంది మరణించారు. తమవారిని గుర్తించే సంకేతం హెలికాప్టర్లలో ఆ ప్రాంతానికి నిర్దేశించినది కాకపోవడం, ఇరువురూ వేర్వేరు రేడియో పౌనఃపున్యాలపై ఉండడం ఈ దుర్ఘటనకు గల కారణాలలో కొన్ని.

పలు దేశాల సైన్యాలు కలిసినప్పుడు చిక్కు మరింత పెరుగుతుంది. ఆజ్ఞలు పంపి నివేదికలు స్వీకరించే కంప్యూటర్ వ్యవస్థ ఒక్కొక్క దేశానిది ఒక్కొక్క తీరు. యుద్ధ పరిస్థితులను కంప్యూటరుపై అనుకరించి శిక్షణనిచ్చే సిమ్యులేషన్లూ అంతే. వీటిని కలపడం మూడు మెట్ల పని. సమాచారం చేరడం మొదటిది; దాని రూపం ఇరువైపులా ఒకటే కావడం రెండవది; అర్థం ఒకటే కావడం మూడవది, అన్నిటికంటె కఠినమైనది. 'కొండను ఆక్రమించండి' అన్న ఆజ్ఞను మనిషి సందర్భాన్ని బట్టి గ్రహిస్తాడు. యంత్రానికైతే ఎవరు, ఏమి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్నవి విడివిడిగా చెప్పాలి.

1980 దశకంలో అమెరికా దూరదూరాన ఉన్న ట్యాంకు శిక్షణ యంత్రాలను ఒకే కృత్రిమ రణరంగంలో కలిపింది. తరువాత 1993లోను, 2000లోను సిమ్యులేషన్లను పరస్పరం అనుసంధానం చేసే ప్రమాణాలు వెలువడ్డాయి. ఆజ్ఞా వ్యవస్థలకు, సిమ్యులేషన్లకు ఉమ్మడి భాషగా 'సీటూసిమ్' ప్రమాణం 2020లో వచ్చింది.

భారతదేశం ఏ సైనిక కూటమిలోనూ చేరలేదు. అయినా మిత్రదేశాలతో కలిసి పనిచేయవలసిన అవసరం మనకూ ఉంది. 1995లో అండమాన్‌లో నాలుగు విదేశీ నౌకాదళాలతో ఆరంభమైన 'మిలన్' విన్యాసాలకు 2022లోను, 2024లోను విశాఖపట్నం వేదిక అయింది. 2018 డిసెంబరులో ఢిల్లీ చేరువనే గురుగ్రామ్‌లో హిందూ మహాసముద్ర ప్రాంతానికి సమాచార కేంద్రం ప్రారంభమైంది. అక్కడ భాగస్వామ్య దేశాల అధికారులు మన నౌకాదళం వారి సరసన కూర్చుని సముద్ర భద్రతకు సంబంధించిన సమాచారాన్ని పరిశీలిస్తారు.

ఉమ్మడి భాష అంటే తమ రహస్యాలన్నీ విప్పి చెప్పడం కాదు. ఏది పంచుకోవాలో ప్రతి దేశమూ తానే నిర్ణయించుకుంటుంది. పంచుకున్నది మాత్రం అందరికీ ఒకే అర్థమివ్వాలి. కటవారియా సరాయ్ విద్యార్థులు మాతృభాషలను విడువకుండానే ఒకరినొకరు అడిగి అర్థం తేల్చుకుంటారు. సైన్యాలకు యుద్ధవేళ ఆ తీరిక ఉండదు. ఆ ప్రశ్నలన్నీ శాంతికాలంలోనే అడిగి, సమాధానాలు సిద్ధం చేసుకోవాలి.